కారవాన్‌కి రెండో ఏసీ పెట్టించాలా వద్దా? మా అమ్మ కోసం మేం పడ్డ పాట్లు

పోయినేడు మే నెల, కళింగపట్నం. తెలిసినవాళ్ల కొబ్బరితోటలో బండి పెట్టుకుని పడుకున్నాం. రాత్రి ఒంటి గంటప్పుడు మెలకువొచ్చి చూస్తే వెనక మంచం మీద అమ్మ లేదు. గుండె ఝల్లుమంది. తలుపు తీసి చూద్దును కదా, బండి మెట్టు మీద కూచుని తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది, వీపు దగ్గర జాకెట్టంతా తడిసిపోయి ఒంటికి అంటుకుపోయుంది.

"ఏటమ్మా ఇక్కడ కూచున్నావు?" అంటే "లోపల ఉక్కపోసేస్తోందిరా, ఇక్కడ కాస్త సముద్రం గాలి తగుల్తోంది, నువ్వెళ్లి పడుకో" అంది.

లోపల ఏసీ నడుస్తూనే ఉంది. రిమోట్‌లో 22 పెట్టుంది. ముందుపక్క పడుకున్న నేనూ మా ఆవిడా దుప్పటి కప్పుకున్నాం. వెనక మంచం దగ్గర చెయ్యి పెట్టి చూస్తే పరుపు వెచ్చగా ఉంది. 76 ఏళ్ల మనిషి, బీపీ మాత్ర వేసుకుని పడుకున్న మనిషి, మమ్మల్ని లేపడం ఇష్టంలేక ఎంతసేపట్నుంచి అలా మెట్టు మీద కూచుందో. ఆ రాత్రే అనేసుకున్నాను, ఎంతైనా సరే వెనకాల ఇంకో ఏసీ పెట్టించేయాలి అని. అక్కడ మొదలైంది, తేలేసరికి మూడు నెలలు పైన పట్టింది.

ముందు బండి సంగతి చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది విజయనగరం. బండి ఫోర్స్ ట్రావెలర్ వ్యాను, సెకండ్ హ్యాండ్‌లో కొని కారవాన్‌గా కట్టించుకున్నాం. నాన్న పోయాక అమ్మకి గుళ్లు తిరగాలని ఉండేది, అరసవిల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, ఇటు రామతీర్థం, కానీ మోకాళ్లు పట్టేశాయి, దారిలో బాత్రూముకి ఎక్కడ దిగాలో అన్న భయంతో నీళ్లు కూడా తాగకుండా కూచునేది, ఆ ఒక్క ఇబ్బంది చూడలేకే బాత్రూమ్ ఉన్న బండి కట్టించాం, షోకు కోసం కాదు. ముందు డ్రైవరు, పక్క సీటు. వాటి వెనక ఎదురెదురు బెంచీలు, రాత్రికి అవే మాకు మంచం. తర్వాత చిన్న వంటగట్టు. దాని వెనక ఎడంపక్క బాత్రూము, కుడిపక్క బీరువా, రెండిటి మధ్యన అడుగున్నర సందు. ఆ సందు దాటితే అమ్మ మంచం. ఏసీ ఒక్కటే, ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, లోపలి యూనిట్ డ్రైవర్ సీటు వెనక పైన ఉంటుంది. అంటే ఏసీ ఈ కొస, అమ్మ ఆ కొస.

మొదట ఫోన్ చేసింది మా బావకి. మా అప్పా బావా టెక్సాస్‌లో ఉంటారు, అక్కడ వాళ్లకి పెద్ద ఆర్వీ ఉంది, అంటే అక్కడి కారవాన్. బావ వెంటనే "పెట్టించెయ్ బావమరిదీ, మాకూ రెండున్నాయి, ముందొకటి బెడ్రూమ్‌లో ఒకటి, రెండోది లేకుండా ఇక్కడ ఆగస్టు గడవదు" అన్నాడు. వాళ్లది ఎలా పెట్టారంటే, ఆ బళ్లకి కప్పు మీద గాలి కోసం 14 అంగుళాలకి 14 అంగుళాల చదరపు కన్నం కంపెనీలోనే వదుల్తారంట, చాలా బళ్లలో బెడ్రూమ్ మీదున్న ఆ కన్నానికి రెండో ఏసీ కోసం వైరు కూడా ముందే లాగి ఉంచుతారు, వెంట్ తీసేసి దాని మీద ఏసీ కూచోపెట్టి బోల్టులు బిగిస్తే అయిపోతుంది. వాళ్ల రూఫ్ ఏసీలు మామూలుగా 13,500 లేదా 15,000 బీటీయూలు, అంటే గంటకి ఎంత వేడి లాగుతుందో చెప్పే కొలత. మన లెక్కలో 12,000 బీటీయూలు ఒక టన్ను, కాబట్టి అవి ఒక్కోటీ ఒక టన్నుకి కాస్త పైనే.

మా బండికి ఆ కన్నమూ లేదు, ఆ వైరూ లేదు. కప్పు రేకు కోయాలి. దాసన్నపేట వైపు మాకు ఎప్పుడూ ఏసీలు చూసే కుర్రాడున్నాడు, వాడిని పిలిచి చూపించాను. నిచ్చెనేసుకుని పైకెక్కి చుట్టూ చూసి దిగి, "పెట్టడానికేటి మాస్టారూ, పెట్టేస్తాను, కానీ కోసిన రేకు చుట్టూ వానాకాలం నీరు దిగకుండా ఉంటాదని మాత్రం రాసివ్వలేను" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది, నిజం చెప్పాడు. ఇక్కడ అక్టోబరులో తుఫాన్లొస్తే వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కప్పు మీద నలభై కేజీల యూనిట్, దాని కింద కోసిన రేకు, గతుకుల్లో ఊగుతూ ఉంటే ఆ సీలింగ్ ఎన్నాళ్లుంటుంది?

ఇంకా రెండు అడ్డంకులు. కప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్లున్నాయి, 540 వాట్లవి, ఒక్కోటీ ఇంచుమించు ఏడున్నర అడుగుల పొడుగు, మూడున్నర పైన వెడల్పు. రెండో ఏసీ పెట్టాలంటే ఒక ప్యానెల్ పీకేయాలి. అంటే కరెంటు వాడకం పెంచి, కరెంటు వచ్చే దాన్ని సగం చేసుకోవడం. పైగా ఆ ప్యానెళ్లు రేకుకి మూడు అంగుళాల ఎత్తులో బిగించి ఉన్నాయి కాబట్టి కింద గాలి ఆడుతూ కప్పుకి నీడ ఇస్తాయి, అది తీస్తే ఆ నీడ కూడా పోతుంది. రెండోది, ఎత్తు. పల్లెల్లో వీధి మీద వేలాడే కరెంటు తీగలకీ కొబ్బరి మట్టలకీ ఇప్పటికే వంగి వంగి వెళ్తున్నాం, మీద ఇంకో అడుగు పెరిగితే ఎలాగ? ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కాబట్టి కప్పు కోసే పని ఏదైనా ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కునే చేసుకోవాలి, తర్వాత ఇన్సూరెన్సు వాడు మడత పెట్టకుండా.

ఇవన్నీ ఉన్నా నేను వెనక్కి తగ్గలేదు. మెట్టు మీద కూచున్న అమ్మే కళ్లలో ఉంది. అసలు నన్ను ఆపింది కరెంటు లెక్క.

ఒకరోజు రాత్రి కాగితం పెన్నూ పట్టుకుని బావతో వీడియో కాల్‌లో కూచున్నాను. వాళ్ల పార్కుల్లో బండికి కరెంటు రెండు రకాలుగా ఇస్తారంట, 30 ఆంప్స్ ఒకటి, 50 ఆంప్స్ ఒకటి. వాళ్లది 120 వోల్టులు, 30 ఆంప్స్ అంటే 3,600 వాట్లు. 50 ఆంప్స్ కనెక్షన్‌లో రెండు ఫేజుల్లాగ రెండు 120 వోల్టుల వైర్లొస్తాయి, రెండూ కలిపి 12,000 వాట్లు. ఒక్కో రూఫ్ ఏసీ నడిచేటప్పుడు 12 నుంచి 15 ఆంప్స్ దాకా లాగుతుంది, మొదలయ్యేటప్పుడు ఇంకా చాలా ఎక్కువ. అందుకని 30 ఆంప్స్ బండిలో రెండు ఏసీలు కలిపి వేసి, మైక్రోవేవ్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. రెండు ఏసీలు హాయిగా నడవాలంటే 50 ఆంప్స్ ఉండాల్సిందే అని బావ చెప్పాడు, వాళ్లది 50 ఆంప్స్ బండే.

మరి మనది? మన ఇళ్లలో ఏసీకీ గీజరుకీ పెట్టే పవర్ ప్లగ్గు 16 ఆంప్స్, 230 వోల్టులు. గుణిస్తే 3,680 వాట్లు. అంటే మన పెద్ద ప్లగ్గు ఇంచుమించు వాళ్ల 30 ఆంప్స్‌తో సమానం. ఆ అంకె చూసి బావా నేనూ ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. వాళ్ల 50 ఆంప్స్ లాంటిది మనకి మామూలుగా ఎవరింటి గోడకీ ఉండదు. సరే, ఇన్వర్టర్ ఏసీలు మొదట్లో ఒక్కసారిగా లాగవు, మెల్లగా మొదలవుతాయి, ఒక టన్నుది గట్టిగా నడిచినప్పుడు వెయ్యి వాట్ల దగ్గర్లో ఉంటుంది, రెండేసినా రెండు వేలే కదా, 3,680లో పడుతుంది కదా అనుకుంటాం. కాగితం మీద పడుతుంది. దానికి తోడు బ్యాటరీ చార్జర్, ఎలక్ట్రిక్ కుక్కర్, పొద్దున్న నీళ్లు కాచే రాడ్ కలిపితే అంచుకొచ్చేస్తుంది. ఇంక మనం నిజంగా దిగే చోట ఎలా ఉంటుందో చెప్తాను.

టెక్కలి దగ్గర మా మేనత్త ఊళ్లో ఒకసారి వీధి అరుగు మీదున్న ప్లగ్గులోంచి వైరు లాగాం. అది 6 ఆంప్స్ ప్లగ్గు, మనవాళ్లు పెద్ద పిన్నుకి చిన్న అడాప్టర్ తగిలించి ఇచ్చారు, ప్రేమగానే ఇచ్చారు పాపం. వోల్టేజి మీటర్లో చూస్తే రాత్రి ఎనిమిదింటికి 185 ఉంది. గంటన్నరకి ఏదో రబ్బరు మాడిన వాసనొచ్చి వెళ్లి చూస్తే ప్లగ్గు పట్టుకోలేనంత వేడిగా ఉంది, పీకి చూస్తే ఒక పిన్ను నల్లబడి, చుట్టూ తెల్ల ప్లాస్టిక్ కాఫీ రంగులోకి తిరిగి కాస్త కరిగి కిందకి జారింది. అది ఒక్క ఏసీ లోడుకే. ఆ కరిగిన ప్లగ్గు ఇప్పటికీ టూల్ బాక్స్‌లో దాచాను, ఎవరైనా "ఏటవుతాది, పెట్టీ" అంటే తీసి చూపిస్తాను. దాని తర్వాత 4 స్క్వేర్ ఎంఎం కేబుల్ సొంతానికి కొనుక్కున్నాం, 16 ఆంప్స్ ప్లగ్గు, ఎర్తింగు సరిగ్గా ఉంటేనే ఏసీ వేస్తాం, లేకపోతే బ్యాటరీ మీదే.

బ్యాటరీ లెక్క కూడా చూద్దాం. మాది 51.2 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే 5 యూనిట్లకి కాస్త పైన. రాత్రి గది చల్లబడ్డాక మా ఏసీ సగటున 450 వాట్లు తింటోంది, పది నుంచి ఆరింటి దాకా ఎనిమిది గంటలకి 3.6 యూనిట్లు, ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టర్ నష్టాలూ కలిపితే నాలుగున్నర. తెల్లారేసరికి బ్యాటరీలో మిగిలేది చారెడు. రెండో ఏసీ వేస్తే రాత్రి మూడింటికల్లా ఆగిపోతుంది. అప్పుడు రెండో బ్యాటరీ కావాలి. ఏసీ, దాని బిగింపు, బ్యాటరీ, వైరింగు అన్నీ కలిపి మాకు వచ్చిన కొటేషన్ రెండు లక్షల ముప్పై వేలు. డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దేవాణ్ణి.

ఇక్కడే ఒకాయన "బ్యాటరీ ఎందుకండీ, చిన్న పెట్రోల్ జనరేటర్ పడేయండి, పాతిక వేలకి అయిపోతుంది" అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు, దయచేసి వినకండి. 2024 డిసెంబరులో కేరళలో వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు, ఏసీ వేసుకుని పడుకున్నారు, జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని పరీక్షల్లో తేల్చారు. ఆ వాయువుకి రంగుండదు, వాసనుండదు, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. నా తల్లి పడుకునే మంచం కింద జనరేటర్ పెట్టడం నా వల్ల కాదు. ఏ ఏర్పాటు ఉన్నా సరే బండిలో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి, గ్యాస్ స్టవ్ ఉన్న బండిలో అయితే మరీను.

ఇలా అటు తిరిగి ఇటు తిరిగి జూన్ గడిచిపోయింది. మధ్యలో ఒకసారి అరసవిల్లి వెళ్దాం అమ్మా అంటే "నాకోసం బండి కొయ్యడాలూ అప్పులూ ఏటిరా, నేను ఇంటికాడే ఉంటాను, మీరెళ్లొచ్చేయండి" అంది. మా మాటలన్నీ వింటూనే ఉందన్నమాట. అమ్మ కోసం కట్టించిన బండిలో అమ్మ లేకుండా వెళ్లేది ఎక్కడికి? ఆ మాటకి మా ఆవిడ నామీద కాస్త గట్టిగానే లేచింది. "మూడు వారాల్నుంచీ టన్నులూ ఆంప్సులూ అంటున్నారు, అసలు అత్తయ్యగారి మంచం దగ్గర ఎందుకు చల్లగా లేదో ఒక్కరోజైనా చూశారా?" అంది. చూడలేదు. నిజంగానే చూడలేదు.

అప్పుడు కొలవడం మొదలెట్టాను. తేమ కూడా చూపించే చిన్న థర్మామీటర్లు మూడు కొన్నాను, ఒకటి ముందు సీటు దగ్గర, ఒకటి వంటగట్టు మీద, ఒకటి అమ్మ తలగడ పక్కన. ఇంటి ముందు బండి పెట్టి మూడ్రోజులు గంటగంటకీ రాసుకున్నాను. మొదటిరోజు మధ్యాహ్నం మూడింటికి బయట 37, ఏసీ వేసిన గంటన్నరకి ముందు సీటు దగ్గర 25, వంటగట్టు దగ్గర 27, అమ్మ తలగడ దగ్గర 32. రాత్రి పదకొండింటికి బయట 30 ఉన్నప్పుడు కూడా ముందు 23, వెనక 29, తేమ ముందు 52 శాతం, వెనక 74. ఈ 74 చూడగానే కళింగపట్నం రాత్రి అర్థమైంది. మన ఉత్తరాంధ్ర తీరంలో చంపేది ఎండ కన్నా ఉక్క. 29 డిగ్రీలు పొడిగా ఉంటే ఫ్యాన్ కింద నిద్రపోవచ్చు, 74 శాతం తేమలో చెమట ఆరదు, అదే 29 ఒంటిని ఉడికించేస్తుంది.

ఇంకోటి గమనించాను. ఏసీ నీళ్లు పడే పైపు కింద బకెట్ పెడితే గంటకి లీటరున్నర దాకా పడుతోంది. గాలిలో తేమని నీరుగా మార్చడానికి లీటరుకి ఇంచుమించు 0.68 యూనిట్ వేడి లాగాలి. అంటే ఒక టన్ను ఏసీ లాగే మూడున్నర కిలోవాట్లలో ఒక కిలోవాట్ ఈ నీళ్లకే పోతోంది. తలుపు తీసిన ప్రతిసారీ కొత్త తేమ లోపలికొస్తుంది. మా వాడు రాత్రి పదింటి దాకా ఫోన్ మాట్లాడుతూ ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆ గంట బకెట్‌లో నీళ్లు ఎక్కువ పడేవి, నేను కొలిచి వాడికే చూపించాను. టెక్సాస్‌లో బావ వాళ్లుండే వైపు ఎండ మనకన్నా ఎక్కువే, కానీ ఇంత ఉక్క ఉండదు, అందుకే వాళ్ల సలహా మనకి మొత్తంగా అతకదు. పైగా గదికి మించిన ఏసీ పెడితే గాలి గబగబా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ లాగే టైమే ఉండదు, చల్లగానే ఉంటుంది కానీ జిగటగా ఉంటుంది. చిన్న చోటులో రెండు టన్నులు కుక్కితే అదే జరిగేదేమో.

మూడోరోజు సాయంత్రం అమ్మ బండిలోకొచ్చి తన మంచం మీద కూచుంది. అక్కడ తన చిన్న దేవుడి పటం ఒకటుంటుంది, దాని ముందు అగరబత్తి వెలిగించింది. ఏసీ నడుస్తోంది. నేను థర్మామీటర్ చూసుకుంటూ ఉంటే "ఒరే, ఇలా చూడు, పొగ ఎక్కడికీ ఎల్లట్లేదు" అంది. నిజమే, పొగ నిట్టనిలువుగా లేచి కప్పుకి తగిలి అక్కడే గొడుగులా పరుచుకుంది, కదల్లేదు. అగరబత్తి పట్టుకుని మెల్లగా ముందుకి నడిచాను. బీరువా దగ్గరికొచ్చేసరికి కూడా అంతే. బాత్రూము తలుపు దాటి వంటగట్టు దగ్గరికి రాగానే పొగ ఒక్కసారి ఇటు విరిగి, గిర్రున తిరిగి, కిందనుంచి మళ్లీ ఏసీ వైపు వెళ్లిపోయింది. చల్లగాలి అక్కడి దాకా వచ్చి, బాత్రూము గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగిపోతోంది. ఆ అడుగున్నర సందులోకి అడుగు పెట్టడం లేదు. ముందు సీటు దగ్గర గాలి చల్లబడింది కదా అని ఏసీ మెల్లబడిపోతోంది, వెనక ఒక మనిషి ఉడికిపోతోందని దానికి తెలీదు.

నేను అక్కడే కింద కూలబడ్డాను. బండిలో చల్లదనం సరిపడానే ఉంది. అమ్మ దగ్గరికి వెళ్లడం లేదు, అంతే. రెండు లక్షల ముప్పై వేల పనిని మా అమ్మ ఒక్క అగరబత్తితో విప్పి చూపించింది.

తర్వాత పని చకచకా జరిగింది. బాత్రూము పైన ఉన్న అటకలోంచి 6 అంగుళాల ఇన్సులేషన్ ఉన్న డక్ట్ పైపు లాగి, ఏసీ గాలి వచ్చే వైపు ఒక కొస, అమ్మ మంచం పైన కాళ్ల వైపు ఇంకో కొస పెట్టించాం, మధ్యలో ఒక చిన్న డక్ట్ ఫ్యాన్, 30 వాట్లు. మొదట పెట్టినప్పుడు అంత తేడా రాలేదు, ఎందుకో అనుకుంటే మన మెకానిక్ కుర్రాడే "గాలి పంపుతున్నాం సరే మాస్టారూ, అది ఎనక్కి రావడానికి దారేదీ?" అన్నాడు. సందుకి రాత్రిపూట కర్టెన్ వేస్తాం, అది నేలకి ఆనుకుని ఉంది. కర్టెన్ ఆరంగుళాలు పైకి కుట్టించాం, బీరువా కింద కూడా జాలీ పెట్టాం. అప్పుడు అగరబత్తి పెడితే పొగ అమ్మ మంచం మీదుగా వంగి కిందనుంచి ముందుకి పాకింది. చూస్తుంటే ఒంట్లో ప్రాణం లేచొచ్చినట్టయింది.

కప్పు లోపలి ప్లైవుడ్ విప్పి చూస్తే కట్టినవాళ్లు వెనక భాగంలో ఇన్సులేషన్ పెట్టకుండా వదిలేశారు, ఉత్త రేకు, దాని కింద ప్లై. ఇది చూసి మాత్రం చాలా కోపమొచ్చింది, డబ్బు పూర్తిగా తీసుకున్న పని అది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరుకి వెయ్యి వాట్ల దాకా పడుతుంది, ఆ వేడి నేరుగా అమ్మ తల మీదకి దిగుతోందన్నమాట. 19 ఎంఎం నైట్రైల్ ఫోమ్ అతికించి, రేకు మీద తెల్ల కూల్ పెయింట్ వేయించాం. ముందు అద్దానికి బయటనుంచి కప్పే వెండి రంగు కవరు కుట్టించాం, లోపలనుంచి పెట్టేది కాదు, ఎండ అద్దం దాటాక ఆపితే సగం ఉపయోగమే. అన్నీ కలిపి కూలీతో 41 వేలు అయింది. రోజుకి ఒక యూనిట్ దాకా కరెంటు తగ్గింది కూడా.

కారవాన్ కట్టించుకునేవాళ్లకి ఒక్క మాట, ప్లైవుడ్ బిగించకముందే షెడ్డుకి వెళ్లి మీ కళ్లతో చూసుకోండి, ఫొటోలు తీసుకోండి, తర్వాత విప్పడం చాలా బాధ.

ఆగస్టులో మొదటి ప్రయాణం శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున బండి పెట్టాం. వర్షాకాలం కాబట్టి అది పరీక్ష కాదని నాకు తెలుసు, అయినా థర్మామీటర్ చూస్తూనే ఉన్నాను, ముందుకీ వెనక్కీ తేడా రెండు డిగ్రీలే. అసలు పరీక్ష ఈ ఏడాది మే నెలలో, మళ్లీ అదే కళింగపట్నం, అదే తోట, కావాలనే వెళ్లాం. మధ్యాహ్నం మూడింటికి బయట 38. వెనక 28 కన్నా తగ్గలేదు, అది నిజం, అబద్ధం చెప్పను, ఎండవేళ ఆరుగురు లోపల కూచుని తలుపు తీస్తూ వేస్తూ ఉంటే ఒక టన్ను ఆయాసపడుతుంది. మేం ఆ వేళ బయట కొబ్బరిచెట్ల నీడలో నులకమంచం వేసుకున్నాం. రాత్రి పదకొండింటికి ముందు 24, వెనక 25, తేమ 56 శాతం.

ఉప్పుగాలి సంగతి చెప్పడం మరిచాను. సముద్రం పక్కన పడుకున్న ప్రతిసారీ తర్వాత రోజు బయటి యూనిట్‌ని మంచినీళ్లతో మెల్లగా కడుగుతాం, లేకపోతే ఆ పల్చటి రేకులు తెల్లగా పొడిలా రాలిపోతాయి. రెండు ఏసీలుంటే కడగాల్సినవీ పాడయ్యేవీ రెండు.

అయితే రెండో ఏసీ ఎవరికీ వద్దు అని నేననను. ఇరవై ఆరు సీట్ల పొడుగు బండి అయితే, వెనక గది పూర్తిగా గోడ కట్టి తలుపు పెట్టేసి ఉంటే, పగలంతా లోపలే ఉండాల్సిన మంచానపడ్డ మనిషి ఉంటే పెట్టించాల్సిందే, అప్పుడు ఒకటిన్నర టన్నుది ఒకటి కాకుండా ముక్కాల్ టన్నువి చిన్నవి రెండు పెట్టుకుంటే మేలు, రాత్రి ఒకటే నడుస్తుంది, ఒకటి చెడిపోయినా ఇంకోటి ఉంటుంది. ఆ చెడిపోవడం అన్న భయం నాకూ ఉంది, అర్ధరాత్రి ఉన్న ఒక్కటీ ఆగిపోతే అమ్మ గతేమిటని. అందుకని కప్పు విప్పినప్పుడే వెనక దాకా ఒక 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగించి, చివర టేపు చుట్టి, విడిగా ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) పెట్టి ఉంచాను. వచ్చే ఏడు అప్పా బావా వచ్చి అందరం కలిసి పూరీ వెళ్దాం అంటున్నారు, అప్పటికి అవసరం అనిపిస్తే చూద్దాం. ప్రస్తుతానికి అమ్మ మంచం పక్కన రెండు డీసీ ఫ్యాన్లున్నాయి, ఏసీ లేకపోయినా రాత్రంతా బ్యాటరీ మీద నడుస్తాయి.

కళింగపట్నంలో ఆ రాత్రి కూడా ఒంటి గంటకి నాకు మెలకువొచ్చింది, అలవాటైపోయినట్టుంది. లేచి సందులోంచి వెనక్కి వెళ్లి చూశాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, చెవుల మీద దాకా దుప్పటి లాక్కుంది. విసనకర్ర పటం వెనకాల దోపి ఉంది. నా అడుగుల చప్పుడుకి కళ్లు తెరవకుండానే "ఆ పైపు ఫ్యాన్ కాస్త తగ్గించరా, కాళ్లు లాగుతున్నాయి" అంది. తగ్గించి వచ్చి పడుకున్నాను.